థాయ్‌లాండ్‌కి వీసా లేకుండా నాలుగోసారి రావచ్చా? మూడోసారే పక్కన కూర్చోబెట్టారు

శారదా తీరం:

నమస్తే అండి. రెండు వారాల్లో ఒక నిర్ణయానికి రావాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మాది అనకాపల్లి దగ్గర. మా ఆయనకి ఈ ఏడాది, అంటే 2025 ఫిబ్రవరిలో బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది. నాన్ బి అనే ఉద్యోగ వీసా, వర్క్ పర్మిట్ అన్నీ పక్కాగా ఉన్నాయి. నా డిపెండెంట్ వీసా సంగతి కంపెనీ వాళ్లే చూస్తామన్నారు. మొదట ప్రొబేషన్ అయ్యాక అన్నారు, తర్వాత వచ్చే క్వార్టర్ అన్నారు, ఇప్పటికీ అదే మాట. ఈలోగా మన పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేదు కదా, దిగగానే 60 రోజులు ఇస్తున్నారు కదా అని నేను వచ్చి వెళ్తూ ఉన్నాను.

మొదటిసారి ఏప్రిల్ 10న వచ్చి జూన్ 5న వెళ్లాను. రెండోసారి జూలై 1న వచ్చాను, ఆ 60 రోజులు అయ్యేలోపే ఇమిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కట్టి ఇంకో 30 రోజులు పొడిగించుకున్నాను, దసరాకి ముందు సెప్టెంబర్ 25న ఇంటికి వెళ్లిపోయాను. దీపావళి అయ్యాక అక్టోబర్ 24న మళ్లీ వచ్చాను. మొదటి రెండుసార్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఈసారి కౌంటర్లో ఉన్న ఆవిడ పాస్‌పోర్ట్ పేజీలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఇక్కడ ఏం చేస్తావు, ఎందుకిన్నిసార్లు వస్తున్నావు అని అడిగింది. నేను కంగారులో టూరిజం అన్నాను. ఆరు నెలల్లో మూడుసార్లు టూరిజమా అని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు. నాతోపాటు ఇంకో నలుగురు ఉన్నారు, ఎవరి ముఖంలోనూ రక్తం లేదు. చివరికి పెద్ద ఆఫీసర్ వచ్చి మా ఆయన నంబర్ అడిగి, ఆయనతో మాట్లాడి, స్టాంప్ వేసి, వచ్చేసారి వీసాతో రా అన్నాడు.

డిసెంబర్ 22తో ఆ స్టాంప్ అయిపోతుంది. సంక్రాంతికి ఎలాగూ ఇంటికి వెళ్లాలి. ఇక్కడ తెలిసిన ట్రావెల్ ఏజెంట్ ఏమంటున్నాడంటే, 20వ తేదీన కౌలాలంపూర్ వెళ్లి మూడు రోజులుండి వచ్చేయండి, మలేషియా కూడా మనకి వీసా లేకుండా 30 రోజులిస్తుంది, తిరిగి వస్తే కొత్తగా 60 రోజులు పడుతుంది అని. నాకు మాత్రం ఆ గది తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లాలా వద్దా? వెనక్కి పంపేస్తే ఇక ఎప్పటికీ రానివ్వరా?

ఓన్‌నట్ అక్క:

కౌలాలంపూర్ వెళ్లొద్దమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్.

నేను ఇక్కడ ఎనిమిదేళ్ల నుంచి డిపెండెంట్ వీసా మీదే ఉన్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను. 60 రోజులు అనేది నీకు వచ్చిన హక్కు అనుకుంటున్నావు, చాలామంది అలాగే అనుకుంటారు. ఇండియా వాళ్లకి వీసా తీసేసింది 2023 నవంబర్ 10న, అప్పుడు 30 రోజులే. 2024 జూలై 15 నుంచి 93 దేశాల వాళ్లకి 60 రోజులు చేశారు, అందులో మనమూ ఉన్నాం. కానీ అది చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పెట్టింది. ఏడాదికి ఇన్నిసార్లే రావాలి అని విమానంలో వచ్చేవాళ్లకి లెక్క రాసి పెట్టలేదు, అది నిజమే. భూమి సరిహద్దు దాటి వచ్చేవాళ్లకైతే క్యాలెండర్ సంవత్సరంలో రెండుసార్లే. విమానానికి లెక్క లేకపోవడమే అందరినీ ముంచుతోంది. లెక్క లేదంటే ఎన్నిసార్లయినా రావచ్చని కాదు, కౌంటర్లో కూర్చున్న మనిషి నీ స్టాంపులు చూసి, ఈవిడ తిరగడానికి వచ్చిందా కాపురం ఉంటోందా అని తేల్చుకుంటాడని అర్థం. నీ స్టాంపులు చూస్తే ఎవరికైనా కాపురమే కనిపిస్తుంది. తప్పు చేశావని కాదు, ఉన్న మాట అది.

పైగా ఈ నవంబర్‌లోనే ఇమిగ్రేషన్ వాళ్లు గట్టిగా ప్రకటించారు, సరైన కారణం లేకుండా రెండుసార్లకు మించి వీసా రన్ చేసినవాళ్లని రానివ్వబోమని. ఈ ఏడాది ఇప్పటికే దాదాపు 2,900 మందిని అలా వెనక్కి పంపామని వాళ్లే చెప్పారు. 22న గడువు ముగుస్తుంటే 20న బయటికెళ్లి 23న తిరిగి రావడాన్నే వీసా రన్ అంటారు, ఇంకేమీ కాదు. నీకు ఇప్పటికే నోటితో హెచ్చరిక అయింది. అది వాళ్ల కంప్యూటర్లో రాసుకుని ఉండొచ్చు అనుకునే నడుచుకో.

చేయాల్సింది ఇది. 22 లోపే వెళ్లి ఈ స్టాంప్‌ని 30 రోజులు పొడిగించుకో. మళ్లీ 1,900 బాత్, టీఎం 7 ఫారం, ఒక ఫోటో. ఇంటి ఓనర్ టీఎం 30, అంటే తన ఇంట్లో విదేశీయులు ఉంటున్నారని ఇమిగ్రేషన్‌కి చెప్పే నమోదు, చేశాడా లేదా ముందే చూసుకో, లేకపోతే అక్కడ వెనక్కి తిప్పుతారు, చెంగ్‌వత్తన ఇమిగ్రేషన్ ఆఫీసు దాకా వెళ్లి ఖాళీ చేతులతో రావడం ఒక రోజు పోయినట్టే. పొడిగిస్తే జనవరి 21 దాకా ఉంటుంది. సంక్రాంతికి నెమ్మదిగా ఇంటికి వెళ్లు. అక్కడి నుంచి నాన్ ఓ అనే డిపెండెంట్ వీసాకి పెట్టుకుని, అది వచ్చాకే టికెట్ కొనుక్కో. ఈ ఏడాది జనవరి నుంచి మన దేశం నుంచి కూడా ఈ వీసా అంతా ఆన్‌లైన్ అయింది. చెన్నై వెళ్లి లైన్లో నిలబడే పని లేదు.

ఇక కంపెనీ వాళ్లు. డిపెండెంట్ వీసాకి వాళ్లు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మీ ఆయన ఇక్కడ పని చేస్తున్నాడని ఒక ఉత్తరం, కొన్ని కంపెనీ కాగితాల నకళ్లు, అంతే. మిగతావన్నీ మీ చేతిలో ఉన్నవే. వాళ్లు చేస్తారని పది నెలలు కూర్చున్నారు. మీ ఆయన్ని రేపే వెళ్లి ఆ ఉత్తరం ఒక్కటే అడగమను.

వలస పక్షి:

మరీ అంత భయపెట్టకండి అక్కా. నేను ఈ రెండేళ్లలో పెనాంగ్, కౌలాలంపూర్ నాలుగుసార్లు వెళ్లి వచ్చాను, ఒక్కసారి కూడా ఎవరూ ఏమీ అనలేదు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, చేతిలో 20 వేల బాత్ ఉంటే చాలు. టెన్షన్ పడితేనే అనుమానిస్తారు. మరీ భయమైతే పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకుంటే పాత స్టాంపులు కనిపించవు కదా.

మానేరు ఒడ్డు:

ఆ చివరి మాట ఎవరూ నమ్మొద్దు. కౌంటర్లో నీ వేలిముద్రలు, ఫోటో తీసుకునేది దేనికి? పాస్‌పోర్ట్ మారుతుంది, వేళ్లు మారవు. పైగా స్టాంపులు దాచడానికి పాస్‌పోర్ట్ మార్చావని తెలిస్తే, అప్పటిదాకా అనుమానమే ఉన్నవాడికి రుజువు దొరికినట్టు అవుతుంది.

నన్ను నిజంగానే వెనక్కి పంపారు. అందుకే రాస్తున్నా, చదివినవాళ్లలో ఒక్కరైనా ఆగుతారని.

నాది కరీంనగర్. వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను, మన దగ్గరి వాళ్లకి, అమెరికా వాళ్లకి. చియాంగ్ మైలో ఖర్చు తక్కువ, నెట్ బాగుంటుంది, అలవాటైపోయింది. మూడుసార్లు 60, దాని మీద 30, మధ్యలో వారం పది రోజులు ఇంటికి. నాలుగోసారి వెళ్లినప్పుడు రాత్రి రెండింటికి దిగాను. మూడు ప్రశ్నలే అడిగారు. ఎక్కడ ఉంటావు, ఏం పని చేస్తావు, ఇక్కడ ఇన్ని రోజులు ఉండటానికి డబ్బు ఎవరిస్తారు. నేను ఫ్రీలాన్సర్ అన్నా. ల్యాప్‌టాప్ తీయమన్నారు. హోటల్ బుకింగ్ రెండు రాత్రులకే ఉంది, ఎందుకంటే నా రూమ్ నెలవారీ అద్దెకి ముందే ఉంది, సామాను కూడా అందులోనే ఉంది. ఆ రూమ్ ఓనర్‌తో చాట్ కూడా చూశారు. ఇక చెప్పేదేముంది.

ఒక కాగితం ఇచ్చారు. 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 12 ప్రకారం రానివ్వడం లేదని, అందులో కారణాల పక్కన టిక్కులు. 48 గంటల్లోపు మంత్రికి అప్పీల్ చేసుకోవచ్చట, ఆ మాట వినడానికి బాగుంటుంది, రాత్రి రెండింటికి ఫోన్లో చార్జింగ్ లేకుండా ఉన్నవాడికి అప్పీల్ ఎక్కడ. మరుసటి రోజు సాయంత్రం విమానం దాకా ఒక హాల్లో ఉంచారు. కొట్టడం, తిట్టడం ఏమీ లేదు, అన్యాయంగా చెప్పను. కానీ ఆ పద్నాలుగు గంటలు, నా పాస్‌పోర్ట్ ఎయిర్‌లైన్ వాళ్ల చేతిలో, హైదరాబాద్‌లో దిగాక మళ్లీ మన వాళ్ల ప్రశ్నలు, అమ్మకి ఏం చెప్పాలో తెలియక బస్టాండ్‌లో కూర్చోవడం, ఇవన్నీ ఒక వీసా ఫీజు కంటే ఎక్కువ ఖర్చు. చియాంగ్ మైలో ఉన్న నా సామాను స్నేహితుడు మూడు నెలల తర్వాత పంపాడు.

చెల్లీ, నువ్వు అడిగిన దానికి జవాబు: వెనక్కి పంపినంత మాత్రాన జీవితాంతం రానివ్వరని కాదు. అది నిషేధం కాదు, ఆ రోజుకి ప్రవేశం లేదని. నిషేధం వేరు, గడువు దాటి ఉండిపోయినవాళ్లకి పడేది. అక్కడ లెక్క కఠినంగా ఉంటుంది. రోజుకి 500 బాత్, 20 వేల దాకా జరిమానా. 90 రోజులు దాటి ఉండి తనంతట తాను వెళ్లిపోతే ఏడాది రానివ్వరు, ఏడాది దాటితే మూడేళ్లు. అదే పోలీసులు పట్టుకుంటే ఒక్క వారం దాటినా ఐదేళ్లు. కాబట్టి 22వ తేదీ దాటి ఒక్క రోజు కూడా ఉండొద్దు. దిగిన రోజు కూడా ఒక రోజుగానే లెక్క, చాలామంది అక్కడే తప్పుతారు. కానీ వెనక్కి పంపిన స్టాంప్ పాస్‌పోర్ట్‌లో ఉంటే తర్వాత ఏ దేశం వీసా ఫారంలోనైనా ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా అనే గడిలో అవును అని రాయాలి. అది చిన్న విషయం కాదు.

నేను తర్వాత డీటీవీ తీసుకున్నా. దూరం నుంచి పని చేసేవాళ్ల కోసం 2024లో పెట్టారు. ఐదేళ్ల వీసా, వచ్చినప్పుడల్లా 180 రోజులు. అకౌంట్లో 5 లక్షల బాత్ చూపించాలి, మన లెక్కలో ఇంచుమించు 14 లక్షలు, అది పోగు చేయడానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొన్న అదే ఎయిర్‌పోర్టులో దిగాను. కౌంటర్లో అర నిమిషం కూడా పట్టలేదు.

వలస పక్షి, నీకు నాలుగుసార్లు ఏమీ కాలేదంటే సంతోషం. నాకు కూడా మూడుసార్లు ఏమీ కాలేదు.

శారదా తీరం:

అన్నా, చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మకి ఏం చెప్పాలో తెలియక అన్నచోట మరీ. మా ఆయనకి కూడా చదివి వినిపించాను. కౌలాలంపూర్ మాట మానేశాం.

అక్కా, రెండు సందేహాలు. ఒకటి, నేను సాయంత్రాలు మన ఊరి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను, పదకొండు మంది ఉన్నారు, ఫీజు నా ఇండియా అకౌంట్‌లోనే పడుతుంది. ఇది చెప్పాలా? రెండోది, మా పెళ్లి సింహాచలంలో అయింది. దేవస్థానం రసీదు ఉంది, ఫోటోలు ఉన్నాయి. మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోలేదు. ఇప్పటిదాకా ఎక్కడా అవసరం రాలేదు.

ఓన్‌నట్ అక్క:

అదుగో, అసలు పని అక్కడుంది. కంపెనీ ఆలస్యం చేసిందని నువ్వు అనుకుంటున్నావు, రేపు కంపెనీ ఉత్తరం ఇచ్చినా నీ దగ్గర పెట్టాల్సిన ముఖ్యమైన కాగితమే లేదు.

రసీదు, ఫోటోలు, శుభలేఖ ఇవన్నీ సబ్ రిజిస్ట్రార్ దగ్గర పనికొస్తాయి, థాయ్ వాళ్ల దగ్గర కాదు. మన రాష్ట్రంలో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది, అయినా వీసా అవసరం పడేదాకా ఎవరూ ఆ ఆఫీసు మెట్లెక్కరు, మేమూ అంతే. సంతకాలకి మీ ఇద్దరూ ఉండాలి, సాక్షులూ ఉండాలి. కాబట్టి సంక్రాంతికి మీ ఆయన నీతో వస్తున్నాడా లేదా అన్నది ఇప్పుడు పండగ విషయం కాదు, వీసా విషయం. ఆయన సెలవు ముందే పెట్టమను. పండగ రోజుల్లో ఆఫీసులు మూసి ఉంటాయి, ముందు వారమే దిగండి.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, దాని మీద విదేశాంగ శాఖది, దాని మీద థాయ్ కాన్సులేట్‌ది. హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ బ్రాంచి ఆఫీసు ఉంది, అయితే కాగితాలు నేరుగా తీసుకోరు, వాళ్లు పెట్టిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. మాకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఒక్కటే సరిపోలేదు, రెండోసారి పంపాల్సి వచ్చింది, ఆ తిరుగుడు నీకు వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, పేర్లు. మీ ఆయన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఇక్కడ ఇద్దరు వేరే మనుషులు అంటారు. నీ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటే అదే సర్టిఫికెట్‌లో రాయించు, అత్తవారిది కాదు. రెండు పాస్‌పోర్ట్‌లూ టేబుల్ మీద పెట్టి, అక్షరం అక్షరం చూసి చెప్పు ఆ గుమాస్తాకి. మా చెల్లెలికి ఒక్క హెచ్ తేడా వచ్చి ఏడు వారాలు పోయాయి.

ట్యూషన్ల సంగతి. అడగనిది నువ్వు ఎదురెళ్లి చెప్పక్కర్లేదు, అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. నాన్ ఓ మీద ఉద్యోగం చేయకూడదు, వర్క్ పర్మిట్ లేకుండా ఇక్కడి పిల్లలకి ఒక్క క్లాసు కూడా తీసుకోకు, ఇక్కడి తెలుగు వాళ్లు అడుగుతారు, మొహమాటపడకు. ఇంకోటి, ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు గానీ ఆపైన గానీ ఉంటే ఇక్కడ పన్ను లెక్కలోకి వస్తావు. నీ తేదీలు కలిపి చూశాను, సెప్టెంబర్ దాకా 144, అక్టోబర్ 24 నుంచి డిసెంబర్ ఆఖరుకి 69, మొత్తం 213 అవుతుంది. ఇండియా నుంచి ఇక్కడికి డబ్బు తెప్పించుకుంటున్నావా లేదా అన్న దాని మీద ఉంటుంది, మీ ఆయన పన్నులు చూసేవాళ్లని ఒకసారి కనుక్కోండి.

ఇంకా ఆ గదిలో టూరిజం అన్నావు చూడు, నాకు అదే బాధగా ఉంది. మా ఆయన ఇక్కడ పని చేస్తున్నారు, ఆయన్ని చూడ్డానికి వచ్చాను, వీసా పనిలో ఉన్నాం అని మొదటే చెప్పి ఆయన వర్క్ పర్మిట్ నకలు చూపించి ఉంటే బహుశా అంత సేపు పట్టేది కాదు. భర్త దగ్గరికి రావడం దాచుకోవాల్సిన విషయం కాదు కదమ్మా.

దారి తప్పొద్దు:

ఇదంతా చదివాక ఒక మాట చెప్పాలనిపించింది, మన వైపు విమానాశ్రయంలో కూడా ఎందుకు అడుగుతున్నారో. వయసులో ఉన్నవాళ్లు ఒంటరిగా బ్యాంకాక్ వెళ్తుంటే మన ఇమిగ్రేషన్ వాళ్లు ఆపి హోటల్, తిరుగు టికెట్, డబ్బు అన్నీ అడుగుతున్నారని చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కునేవాణ్ణి.

మా పక్క ఊరి కుర్రాడు డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెబితే ఇలాగే వీసా లేకుండా టూరిస్టులా వెళ్లాడు. బ్యాంకాక్‌లో దిగిన మర్నాడు కారెక్కించి సరిహద్దు ఊరు మే సోట్ తీసుకెళ్లారు, అక్కణ్ణించి నది దాటించి మయన్మార్‌లో మ్యావడ్డీ వైపు. రోజుకి పదిహేను, పదహారు గంటలు కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో మనవాళ్లనే మోసం చేయించే పని. ఈ మార్చిలో వాయుసేన విమానాలు రెండు రోజుల్లో 549 మందిని మే సోట్ నుంచి తీసుకొచ్చాయి కదా, అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు, వాడు అలా బయటపడ్డాడు. నవంబర్‌లో మళ్లీ విమానాలు పంపాల్సి వచ్చింది. ఇప్పటికీ వాడు ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు.

శారదా తీరం గారి సంగతి వేరు, నాకు తెలుసు. కానీ ఇది చదివే తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, టూరిస్ట్‌గా వెళ్లు, అక్కడికెళ్లాక వీసా మార్చేస్తాం అని ఎవడైనా ఉద్యోగం చూపిస్తే నమ్మొద్దు. ఉద్యోగం ఇచ్చేవాడైతే నువ్వు బయల్దేరకముందే నాన్ బి వీసాకి కాగితాలు పంపిస్తాడు.

వలస పక్షి:

పాస్‌పోర్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. వేలిముద్రల సంగతి ఆలోచించలేదు. నా స్టాంప్ కూడా ఫిబ్రవరిలో అయిపోతోంది, డీటీవీ గురించి మానేరు అన్నా, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

శారదా తీరం:

ఇవాళ చెంగ్‌వత్తన వెళ్లి వచ్చాం. టీఎం 30 ఓనర్ చేయలేదు, అక్క చెప్పింది కాబట్టి ముందు రోజే ఆయనతో చేయించాం. జనవరి 21 దాకా స్టాంప్ వేశారు. మా ఆయన హెచ్ఆర్ వాళ్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాయించుకునే లేచారట, పావుగంట పట్టిందట. పది నెలలు ఆగింది ఈ పావుగంట కోసమా అని ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడకుండా ఉన్నారు.

జనవరి 4కి ఇద్దరికీ వైజాగ్ టికెట్లు తీసుకున్నాం, ఆయనకి ఎనిమిది రోజులే సెలవు. తిరుగు టికెట్ నాకు తీసుకోలేదు. అక్కా, ఆయన ఇండియా వచ్చి వెళ్లడానికి ఇక్కడ ఏమైనా కాగితం తీసుకోవాలా? కంపెనీలో ఎవరో రీ ఎంట్రీ అన్నారు.

ఓన్‌నట్ అక్క:

తప్పకుండా తీసుకోవాలి! ఆయనది ఏడాది పొడిగింపు అయితే, రీ ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటిన క్షణం ఆ పొడిగింపు రద్దయిపోతుంది, ఆయన కూడా నీలాగే టూరిస్టుగా తిరిగి రావాల్సి వస్తుంది. ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అయితే 3,800. ఎయిర్‌పోర్టులో కూడా ఇస్తారు, కానీ ఆ రోజు లైన్ ఎలా ఉంటుందో చెప్పలేం, ముందే తీసుకోమను. నువ్వు వచ్చేటప్పుడు ఇక్కడ దిగే ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డ్ నింపడం మర్చిపోకు, అందులో వచ్చే కారణం దగ్గర ఈసారి టూరిజం అని పెట్టకు.